తెలిసే తాగింది

చంకల కింద చేతులు వేసి ఎవరినైనా లేపుతుంటే నేను అక్కడ నిలబడలేను. పోయిన వారం హోసూరు బస్టాండులో ఒక ముసలాయన బెంచీ మీది నుంచి లేవలేక అవస్థపడుతున్నాడు. కొడుకు కాబోలు, వెనక నుంచి వచ్చి రెండు చంకల్లోనూ చేతులు దూర్చి, బియ్యం మూటను ఎత్తినట్టు ఎత్తి నిలబెట్టాడు. కొడుకు మంచివాడే. తండ్రి చొక్కా సర్దాడు, చెప్పులు కాళ్ళ దగ్గరికి జరిపాడు. కానీ గాలిలో వేలాడిన ఆ ఒక్క క్షణంలో ముసలాయన ముఖం చూసి, నేను ఎక్కవలసిన బస్సు వదిలేసి పక్కకు వెళ్ళిపోయాను. మా అత్త గుర్తొచ్చింది.

అత్త అంటే మా నాన్నకు అక్క. కావేరిపట్టణం దగ్గర పుట్టి, జవళగిరి దారిలో ఉన్న ఒక మిట్ట పల్లెకు కోడలుగా పోయింది. రాగి చేను, మామిడి తోపు, ఈమధ్య ఆమె కొడుకు, మా బావ, వేసిన గులాబీల పాలీహౌస్‌లు, అంతా కలిసి బాగా బతికిన ఇల్లు. ఆమె పేరు రాయను. ఆ ఇంట్లో ఆమెను పేరుతో పిలిచినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి రాసినా అది ఆమెలా అనిపించదు.

నాకు హోసూరులో మందుల అంగడి ఉంది. నెలకొకసారి షుగరు మాత్రలకు అత్త బస్సులో వచ్చేది. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. అంగడి ముందున్న రాతి మెట్టు మీద కూర్చుని, ఆ నెల షుగరు ఎంత ఉందో ఇంటి మనిషి గురించి చెప్పినట్టు చెప్పేది.

"మీ మామ నాతో ఇరవై ఆరేండ్లే కాపరం చేసినాడు పాపా. ఈ షుగరు ముప్పై ఏండ్లుగా నన్ను ఇడిచిపెట్టలేదు. వాడికంటే దీనికే భయపడి వొండినాను."

బస్సు ఎక్కేటప్పుడు ఎవరైనా చెయ్యి అందిస్తే ఊరుకునేది కాదు. కండక్టరు ఒకసారి మోచెయ్యి పట్టుకోబోతే "తొడాదే పా!" అని తమిళంలో గద్దించింది. ముట్టుకోవద్దని. ఆ కండక్టరు బిత్తరపోయి రెండడుగులు వెనక్కి వేశాడు. ఈమె రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, మెట్టుకో ఊపిరి తీసుకుంటూ, బస్సును ఆపి మరీ ఎక్కింది. ఎక్కాక వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా అంది: "ఎక్కినానా లేదా?"

అంత పట్టుదల ఎందుకో ఒకరోజు తనే చెప్పింది. నేను మాత్రలు కవర్లో వేస్తున్నాను. అంగట్లో ఎవరూ లేరు.

"మా అత్త, మీ మామ వాళ్ళమ్మ, ఎనిమిదేండ్లు మంచంలో ఉన్నింది. లేపాల, కూసోబెట్టాల, బాత్రూముకు ఎత్తకపోవాల. అన్నీ నేనే. మొదటి ఏడాది ప్రేమగా లేపినాను. రెండో ఏడాది నా ఖర్మ అనుకుని లేపినాను. ఆ తర్వాత ఎట్ల లేపినానో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నోటితో ఒక్క మాట అనలేదు పాపా. కానీ నా చేతులు ఏమంటా ఉన్నాయో ఆమెకు వినపడేది. చంకల కింద చెయ్యేస్తానే కండ్లు మూసుకునేది. నాకు ఆ గతి వద్దు."

ఆ మాటలన్నాక కవరు అందుకుని లేవబోయింది. లేవలేకపోయింది. రెండోసారి మోకాలి మీద చెయ్యి ఊని లేచింది. నా వైపు చూడలేదు. మరుసటి వారమే ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

డాక్టరమ్మ అత్తను కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని లేవమంది. అత్త మూడుసార్లు లేచి నాలుగోసారి కుర్చీలోనే ఉండిపోయింది. డాక్టరమ్మ ఆమె తొడను, పిక్కను పట్టి చూసి, తమిళంలో మెల్లగా వివరించింది. ఒంట్లో కండ కరిగిపోతోంది, తిన్న చక్కెర ఎక్కువగా ఖర్చయ్యేది కండలోనే, కండ తగ్గేకొద్దీ మాత్రలు ఎన్ని వేసినా షుగరు మాట వినదు. ఏం తింటారని అడిగింది. పొద్దున రాగి సంగటి, మధ్యాహ్నం అన్నం, చారు, రవంత పప్పు, మాపటికి మళ్ళీ సంగటి. ఇందులో కండకు పనికొచ్చేది చాలా తక్కువ అంది. నడక, కుర్చీలోంచి లేచే కసరత్తు, ప్రోటీను రాసిచ్చింది.

పాలతో చేసిన పొడి ఇస్తే అత్తకు విరేచనాలు. సోయా పొడి ఇస్తే రోజంతా కడుపు ఉబ్బరం. మూత్రపిండాలు బాగానే ఉన్నాయని రక్తపరీక్షలో చూసుకున్నాక, డాక్టరమ్మ మూడోది రాసింది. చేపతో చేసిన పొడి. తేలిగ్గా అరుగుతుంది, ప్రయత్నించండి అంది.

మా వాళ్ళ ఇళ్ళల్లో నీసు వండరు. చేప, మాంసం, గుడ్డు, అన్నిటికీ అదే మాట, నీసు. ఇంటి దేవుడు వెంకటరమణస్వామి. మగవాళ్ళు బయట తింటారు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. మా బావ గులాబీ వ్యాపారులను కృష్ణగిరి హైవే మీది హోటళ్ళకు తీసుకుపోయి బిర్యానీలు పెట్టించేవాడు. తనూ తినేవాడు. కడుపులో మంటకు సిరప్ నా అంగట్లోనే కొనుక్కుని, సీసా అక్కడే మూత తీసి తాగి, ఇంటికి పోయేవాడు. ఇంటి మడి మాత్రం ఆడవాళ్ళ నోళ్ళకు కట్టిన గుడ్డ.

అందుకే డబ్బాలోని పొడిని ఒక స్టీలు గిన్నెలో పోసి ఇచ్చాను. అత్త మూత తీసి వాసన చూసింది.

"దీని డబ్బా యాడ?"

"పారేశాను అత్తా."

"అబద్ధం చెప్పొద్దు. తీసకరా."

తెచ్చాను. డబ్బా మీద నీళ్ళలోంచి పైకి ఎగురుతున్న చేప బొమ్మ. అత్త దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది.

"పొడి చేసినాక కూడా ఎగరతా ఉండాదే, దీనికెంత బలముండాలో!"

గిన్నె, డబ్బా రెండూ నా దగ్గరే వదిలేసి వెళ్ళింది. వారం తర్వాత మాత్రల పని లేకపోయినా వచ్చింది. మెట్టు మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడింది.

"స్వామికి చెప్పుకున్నాను. పొద్దున స్నానం చేసి దీపం పెట్టేస్తా. ఆ తర్వాత తాగతా. మర్నాడు తలకు పోసుకుని మళ్ళా దీపం పెడతా. ఆయనకేమీ అభ్యంతరం లేదు. మీ బావకుంటాది, కాబట్టి వాడికి చెప్పను. నువ్వు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకో. నాకు తెలిసే తాగతా ఉండాను. రేపు ఎవురన్నా అడిగితే, నీ మిందికి రానియ్యను. నేనే చెప్తాను."

ఆ రోజే తీసుకుపోయిన పొడి డబ్బాను పాలీహౌస్ పక్కనున్న మోటరు గదిలో దాచుకుంది. దీపం పెట్టగానే పూలు కోయించే నెపంతో అక్కడికి పోయి, గంప బోర్లించుకుని దాని మీద కూర్చుని, మజ్జిగలో కలుపుకుని తాగేది. "వాసన రాదంటివే, వస్తాది. రానీలే" అనేది.

ఆ పొడి ఒక్కటే అంతా చేసిందని నేను చెప్పను. మందులమ్మేదాన్ని కాబట్టి అసలే చెప్పకూడదు. ఆమె రోజూ పాలీహౌస్ చుట్టూ నడిచింది. మాత్రలు మానలేదు. సంగటి ముద్ద సగం చేసింది. ఎక్కడ కూర్చున్నా, పెండ్లి పందిట్లో అయినా సరే, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని పదిసార్లు లేచేది. చూసినవాళ్ళు ఏదో మొక్కు అనుకునేవాళ్ళు. ఆరు నెలలకు షుగరు కొంత దిగింది. తువ్వాలు పిండితే నీళ్ళు ధారగా కారుతున్నాయని నా అంగట్లో తువ్వాలు తడిపి పిండి చూపించింది. నేలంతా తడిసింది. మెట్టు మీద కూర్చుని, మోకాలు ముట్టకుండా లేచి, మందులు కొనడానికి వచ్చిన ముక్కూ మొహం తెలియని మనిషిని అడిగింది: "లేచినానా లేదా?" ఆయన "లేచినావమ్మా" అన్నాడు.

డెబ్భై మూడేళ్ళ మనిషి ముఖంలో అంత గర్వం నేను మళ్ళీ చూడలేదు.

పట్టిచ్చింది పిల్లి. తాగిన గ్లాసును నాకడానికి రోజూ మోటరు గదికి పోయేది. ఆ రోజు గది తలుపు వేసి ఉండడంతో బయట కూర్చుని అరిచిందట. బావ పోయి తలుపు తీశాడు. పిల్లి తిన్నగా డబ్బా దగ్గరికి పోయింది.

బావ ఫోను చేసి, "బిన్నా రా" అని, త్వరగా రమ్మని, పెట్టేశాడు. నేను అంగడి మూసి పోయాను. హాల్లో బావ సోఫాలో కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య, నేను అక్కా అని పిలుస్తాను, గోడకు ఆనుకుని నిలబడింది. అత్త పీట మీద కూర్చుంది. మధ్యలో నేల మీద, ఒక పాత పేపరు పరిచి, దాని మీద ఆ డబ్బా. చచ్చిన ఎలుకను పెట్టినట్టు పెట్టారు.

"ఇది నీ అంగట్లోదేనా?" బావ అడిగాడు.

"అవును బావా. డాక్టరు రాసింది."

"డాక్టరు రాస్తాది. ఆమెకేం తెలుసు మన ఇంటి సంగతి? నీకు తెలీదా? దీపం పెట్టే చెయ్యి అది. వచ్చే శనివారం స్వామికి పూజ పెట్టుకోనుండాము. ఊరంతా వస్తారు. అమ్మ ఇట్లాంటిది తాగిందని తెలిస్తే నేను తలెత్తుకుని తిరగాల్నా?"

అత్త గొంతు సవరించుకుంది. "ఇదిగో, నేను చెప్పేది—"

ఆమెను చెప్పనివ్వలేదు. ఆపింది బావ కాదు. నేను.

"అత్తకు తెలియదు బావా. అది దేంతో చేస్తారో నేను చెప్పలేదు. మందనుకుని తాగింది పాపం."

ఎందుకలా అన్నానని చాలాసార్లు అనుకున్నాను. ఆమెను కాపాడుతున్నాననుకున్నాను. ఆ క్షణంలో నిజంగానే అనుకున్నాను. గొడవ పెద్దదైతే పుట్టింటి తరఫు రాకపోకలు తెగిపోతాయన్న భయం కూడా ఉంది. మంచి ఉద్దేశమూ పిరికితనమూ ఎంత కలిసిపోయి వచ్చాయో ఇప్పటికీ విడదీయలేను.

బావ ముఖం ఒక్కసారిగా తేలికపడింది. "అట్ల చెప్పు. అదే అనుకున్నా నేను. మా యమ్మ తెలిసి అట్లాంటి పని చేస్తాదా?" అన్నాడు. నన్ను తిట్టాడు. తిట్టడంలో కూడా ప్రేమే ఉంది. తప్పు చేసింది నేను, తెలియక చేసింది అత్త, ఇల్లు పవిత్రంగానే ఉంది. అందరికీ సరిపోయింది.

పసుపునీళ్ళు కలిపి ఇల్లంతా చల్లారు. అత్త నెత్తిన బిందెడు నీళ్ళు పోశారు. పొడిని ఎరువు గుంతలో పారబోశారు.  ఇదంతా జరుగుతున్నంతసేపూ ఆమె తడి చీరతో పీట మీద కూర్చుని నన్ను చూసింది. తర్వాత రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా లేచి, లోపలికి పోయింది.

నెలాఖరుకు అంగడికి వచ్చింది. మాత్రల కోసమనుకుని తీయబోయాను. వద్దని చెయ్యి ఊపింది.

"నేను తెలిసి తాగినానని చెప్పింటే వాడితో కొట్లాడేదాన్ని. ఓడిపోతానో గెలుస్తానో, నోరుండాది కాబట్టి కొట్లాడేదాన్ని. తెలీదని చెప్పి నువ్వు నన్ను పిచ్చిదాన్ని చేస్తివి పాపా. తెలివిలేని ముసిల్దానికి ఎవురేం పోస్తే అది తాగతాదని అందరూ అనుకునేటట్ల చేస్తివి."

"అత్తా, నిన్ను తిడతారని—"

"తిడితే నన్ను కదా తిట్టేది? అది నాది."

అంతే. మెట్టు దిగి పోయింది. తర్వాత మాత్రలు వేరే అంగట్లో కొనిపించుకుంది.

పొడి పోయిన చోటికి తియ్యటి మాల్టు పానీయం వచ్చింది. తల్లికి బలం కోసమని బావే డబ్బాలు డబ్బాలు తెచ్చాడు. షుగరు ఎగబాకింది. వానాకాలంలో జ్వరం పట్టుకుని రెండు వారాలు మంచం మీదే ఉంది. జ్వరం తగ్గింది. మనిషి లేవలేదు. ఆ వయసులో రెండు వారాల మంచం ఎంత కండను తినేస్తుందో నాకు తెలుసు. డాక్టరమ్మ మళ్ళీ అదే పొడి రాస్తే, బావ "వేరేది రాయండి మేడమ్" అన్నాడట. శనగలతో చేసిందేదో రాసింది. అత్త రెండు రోజులు తాగి, కడుపు పట్టేసిందని మానేసింది.

నేను చూడడానికి పోయాను. సంచిలో, బట్టల మధ్య, చేపపొడి పొట్లం పెట్టుకుని పోయాను. తొడలు కర్రల్లా అయిపోయాయి. చెవులు మాత్రం చురుగ్గానే ఉన్నాయి. నా అడుగుల చప్పుడుకే "పాపానా?" అంది. గదిలో ఎవరూ లేరు. సంచి తెరిచి చూపించాను.

"అత్తా, ఎవరికీ తెలియకుండా ఇస్తాను. వారానికి రెండుసార్లు వస్తాను."

ఆమె ఆ పొట్లం వైపు చూసింది. తర్వాత హాల్లోకి తెరిచి ఉన్న తలుపు వైపు చూసింది. అవతల బావ ఎవరితోనో ఫోనులో గులాబీ కట్టల సంగతి మాట్లాడుతున్నాడు.

"వాడి ముందర కలిపి ఇస్తావా?"

నేను పొట్లాన్ని మళ్ళీ బట్టల మధ్యకు తోశాను.

"వాడి ముందర గ్లాసులో పోసి, ఇది చేప, మీ యమ్మకు తెలుసు, అని చెప్పి ఇయ్యి. తాగతా. ఇప్పుడే ఇయ్యి."

"రేపు బావతో నెమ్మదిగా మాట్లాడతాను అత్తా."

"రేపా" అంది. కోపంగా కూడా అనలేదు. ముఖం గోడవైపు తిప్పుకుంది.

అప్పుడే తళి ఊరి నుంచి కుదిర్చిన పనావిడ లోపలికి వచ్చింది. చేతులు చీరకు తుడుచుకుని, "లెయ్యి అవ్వా, బాత్రూముకు పోదాం" అంటూ అత్త రెండు చంకల కిందా చేతులు దూర్చింది. బలమైన మనిషి. ఒక్క ఊపులో లేపేసింది. అత్త కళ్ళు మూసుకుంది.

ఆ మరుసటి రోజు నేను పోలేదు. ఆ వారమూ పోలేదు. అంగట్లో పని ఉండింది. ఎప్పుడూ ఉంటుంది. పొట్లం నా సంచిలోనే ఉండి గడ్డకట్టింది. రెండు నెలలు దాటకుండానే అత్త పోయింది.

పదకొండో రోజు భోజనాలు పాలీహౌస్ పక్కన షామియానా కింద పెట్టారు. బర్గూరు నుంచి వచ్చిన బంధువులు వరసగా కూర్చున్నారు. వడ్డనలు జరుగుతుంటే బావ వాళ్ళ మధ్య తిరుగుతూ తల్లి గురించి చెబుతున్నాడు.  దుఃఖం నిజమైనదే.

"డెబ్భై నాలుగేండ్లు నిష్ఠగా బతికిందప్పా మా యమ్మ. జన్మలో నీసు ముట్టలేదు. ఒకేఒక్కసారి తెలియక మందులో ఏదో పోయింది. దానికీ శుద్ధి చేయించినాను."

నేను చేతిలోని ముద్దను విస్తరిలోనే వదిలేశాను. లేచి నిలబడ్డాను.

"తెలియక కాదు బావా. తెలిసే తాగింది. చేప అని చూసి, స్వామికి చెప్పుకుని, ఆరు నెలలు తాగింది. దాంతోనే లేచి తిరిగింది."

వడ్డించేవాళ్ళు గరిటెలతో నా వైపు తిరిగారు. బావ నన్ను కోపంగా చూస్తాడనుకున్నాను. జాలిగా చూశాడు.

"నువ్వే కదమ్మా ఆ పొద్దు చెప్పింది, అత్తకు తెలీదని? అందరి ముందరా నువ్వే చెప్పినావు."

"అబద్ధం చెప్పాను."

"పోనీలే. అత్త పోయిన బాధలో ఉండావు. కూసో, తిను." వడ్డించేవాళ్ళ వైపు తిరిగి, "ఈడ పాయసం ఎయ్యండప్పా" అన్నాడు.

పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. పాయసం వచ్చింది. వడ్డన మళ్ళీ మొదలైంది. నేను చెప్పిన అబద్ధం నేను చెప్పిన నిజం కంటే గట్టిగా నిలబడింది.

చెయ్యి కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయాను. అక్క వెనకాలే వచ్చి చెంబుతో నీళ్ళు పోసింది. ఆమె ముఖం కూడా ఈమధ్య వాడిపోయింది.

"నాకు ముందునుంచీ తెలుసు" అంది, తల ఎత్తకుండా. "మోటరు గదిలో ఆమె తాగేది కిటికీలోంచి చూసేదాన్ని. ఎవురికీ చెప్పలేదు. ఆ పిల్లే లేకపోయింటే..."

నేను ఆమెను చూశాను. ఆమె చెంబును మళ్ళీ తొట్టిలో ముంచింది.

"నాకూ షుగరు వచ్చింది పాపా. కాళ్ళల్లో సత్తువ లేదు. మెట్లెక్కలేకుండా ఉండాను. డాక్టరమ్మ ఆమెకు రాసిందే నాకూ రాసింది. నాకు పంపిస్తావా? మీ బావ చేతికే ఇచ్చి పంపు. కాల్షియం పొడి అని చెప్పు."

"బావకు నిజం చెప్పు అక్కా. నేను పక్కన నిలబడతాను. ఈసారి నిలబడతాను."

"నువ్వు నిలబడి మీ ఊరికి పోతావు. నేను ఈ ఇంట్లో ఉండాల."

షామియానాలోంచి బావ ఆమెను పిలిచాడు. ఆమె చెంబు పెట్టేసి, పైట సర్దుకుని, జవాబు కోసం నా ముఖంలోకి చూసింది.

"సరే" అన్నాను.